నొప్పి ఇంకా రాలేదు

నా కుడి చెయ్యి చిక్కిపోతోందని ముందుగా కనిపెట్టింది మా ఆయన. తడలో ఆయనకు గాజుల కొట్టు ఉంది. ఎవరికి ఏ సైజు పడుతుంది, ఎవరి బొటనవేలి ఎముక దగ్గర గాజు ఇరుక్కుంటుంది, ఎవరు గొప్పకు పోయి చిన్న సైజు అడుగుతారు, అన్నీ ఆయనకు తెలుసు. ఆ ఏడాది రంజాన్ పండక్కి నాకు గాజులు తొడుగుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఎడమ చేతికి సబ్బు రాస్తేగాని ఎక్కని గాజు, కుడి చేతికి జారుకుంటూ వెళ్ళిపోయింది.

"ఏందే, ఈ చెయ్యి ఇట్టయిపోయింది?" అన్నాడు.

"పని చేసే చెయ్యి, అరిగిపోయుంటాది. గాజులమ్ముకునే నీ చేతుల మాదిరి మెత్తగా ఉంటాదా?" అని ఎగతాళి చేశాను. చేశానేగాని గుండె ఝల్లుమంది. అప్పటికే చాలా కాలంగా ఆ చేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. నిద్ర మధ్యలో లేచి చెయ్యి విదిలించుకోవడం అలవాటైపోయింది. సూది పట్టుకుంటే పట్టుకున్నానో లేదో కళ్ళతో చూసుకుంటేగాని తెలిసేది కాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. చేతికి స్పర్శ లేదని తెలిస్తే ఏ మహాతల్లి తన పట్టుగుడ్డ తెచ్చి నా చేతిలో పెడుతుంది?

అసలు భయం అది కూడా కాదు. మా నాయన కూడా దర్జీయే. ఆయనకూ ఇలాగే తిమ్మిరితో మొదలైంది. ఎవరికీ చూపించుకోలేదు. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే కండ ఏళ్ళ తరబడి కరిగి కరిగి అక్కడ గుంట పడింది. కాజాలు కుట్టడం నాకు వదిలేశాడు, తర్వాత కత్తెర వదిలేశాడు, చివరికి అన్నం ముద్ద కూడా ఆ చేతిలో నిలిచేది కాదు. ఎడమ చేత్తో తినడానికి ఆయనకు మనసొప్పేది కాదు. మా అమ్మ పక్కన కూర్చుని నోట్లో పెడుతుంటే పసిబిడ్డలా నోరు తెరిచేవాడు, మమ్మల్ని చూసి సిగ్గుపడి తల తిప్పుకునేవాడు. గాజు జారిన రోజు నా బొటనవేలి కింద తడిమి చూసుకున్నాను. గుంట ఇంకా పడలేదు. పడడానికి సిద్ధంగా ఉంది.

మా ఆయన నన్ను నెల్లూరు తీసుకెళ్ళాడు. మణికట్టు దగ్గర నరం ఇరుక్కుపోయిందనీ, చిన్న ఆపరేషను చేసి ఆ ఇరుకు విప్పేస్తే సరిపోతుందనీ, ఆలస్యం చేస్తే పోయిన కండ తిరిగి రాదనీ చెప్పాడు చేతుల డాక్టరు. చిన్న ఆపరేషనట! ఎదుటివాళ్ళ ఒంటి మీద చేసేవన్నీ చిన్నవే. ఆ నరం పక్కన కత్తి ఒక్క నూలుపోగంత పక్కకు పోతే నా చెయ్యి ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఇది చాలదన్నట్టు దొరవారిసత్రం నుంచి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఒకావిడ నన్ను ఇంకా హడలగొట్టింది. వరి పొలం ఉన్న మనిషి, గట్టి గుండె కలది. మణికట్టు మీద కాయలా లేస్తే వేరే చోటెక్కడో కోయించుకుందట.

"అక్కా, మనిషి మెలకువగానే ఉంటాదిలే. చేతికి మాత్రం మందు. పైన ఒక బెల్టు కడతారు చూడు, అదొక నరకం. ఆ బెల్టు తీసేసినాక అసలుది మొదలవుతాది. చెయ్యి తెగ్గోసినట్టు ఉంటాది. ఆస్పత్రంతా లేచేట్టు అరిచినా."

"మరి తగ్గిందా?"

"అంత నొప్పి వచ్చిందంటే చెయ్యి బతికే ఉన్నట్టే కదక్కా," అని నవ్వి, తన జాకెట్టుకు చేతులు కాస్త పొడుగ్గా పెట్టమని చెప్పి వెళ్ళిపోయింది. ఆమెకేం, చెప్పేసి వెళ్ళింది. నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

ఆపరేషను రోజు పొద్దున్నే ఆస్పత్రిలో మంచం మీద కూర్చోబెట్టి మా ఆయన నా గాజులు తీశాడు. ఒక్కటి కూడా చిట్లనివ్వలేదు. తీస్తున్నంతసేపూ ఆయన వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి. "నీకే ఇంత భయమైతే నన్నెవరు ఓదార్చాలయ్యా?" అంటే, "నాకేం భయం? ఏసీ చలి," అన్నాడు. ఆ వార్డులో ఏసీ లేదు.

మత్తు డాక్టరమ్మ వచ్చింది. వయసులో చిన్నది, మాట నెమ్మది. మంచం అంచున కూర్చుని వివరంగా చెప్పింది.

"పూర్తి మత్తు ఇవ్వనమ్మా, చేతి వరకే. పైన బెల్టు గాలితో బిగించి, కింద చేతి రక్తనాళంలోకి మొద్దుబరిచే మందు ఎక్కిస్తాం. బెల్టు బిగిసి ఉన్నంతసేపూ మందు చేతిలోనే ఉంటుంది. అందులోనే నొప్పి తగ్గించే మందు ఇంకొకటి కలుపుతాం. బెల్టు బిగింపు మీకు అంతగా తెలియదు. ఆపరేషను అయ్యాక కూడా కొన్ని గంటలు నొప్పి రాదు. కాస్త మగతగా అనిపించొచ్చు."

నాకు ఆ కలపడం అస్సలు నచ్చలేదు. "ఒక మందుతోనే ఈ చెయ్యి తిరిగి వస్తాదో రాదో అని నేను చస్తా ఉండాను. మళ్ళీ ఇంకోటి ఎందుకు మేడమ్? మా ఊరి పక్క ఆమెకి ఏం కలిపినట్టు లేదే?"

"ఆమె ఏమంది?"

"ఆస్పత్రంతా లేచేట్టు అరిచినానని చెప్పింది."

"మీరు అరవకూడదనే కలుపుతున్నానమ్మా," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "చివర్లో బెల్టు వదిలినప్పుడు మందు కొంచెం ఒంట్లోకి వస్తుంది. అప్పుడు పెదాలు తిమ్మిరెక్కినా, నోట్లో ఇనుము రుచి తగిలినా, చెవుల్లో గుయ్యిమన్నా వెంటనే నాకు చెప్పాలి. మర్చిపోకండి," అంది.

సరేనని తల ఊపాను. విన్నానేగాని, నా బుర్రంతా బెల్టు దగ్గరే ఆగిపోయింది.

థియేటరులో మాత్రం చలి నిజమే. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఎడమ చేతికి ఒక సూది గుచ్చి, వేలికి ఏదో క్లిప్పు పెట్టారు. కోయబోయే కుడి చేతికి కూడా ఇంకో సూది గుచ్చారు. ఆ చెయ్యి పైకెత్తి, వేళ్ళ నుంచి మొదలుపెట్టి పైదాకా రబ్బరు పట్టీ బిగించి చుట్టారు. రక్తమంతా పైకి నెట్టడానికట. అంతలో పైన బెల్టు ఉబ్బడం మొదలైంది. దండచెయ్యి చుట్టూ బిగిసి, బిగిసి, ఇక చాలు తల్లీ అనుకున్నాక కూడా బిగిసింది. పట్టీ విప్పేశారు.

అప్పుడు నా చేతిని చూశాను. చూడకుండా ఉండాల్సింది. తెల్లగా, అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా, రక్తపు చుక్క లేకుండా ఉంది. మా అమ్మ పోయినప్పుడు నలుగురం ఆడవాళ్ళం కలిసి చివరి స్నానం చేయించాం. ఆవిడ చెయ్యి పట్టుకుని నీళ్ళు పోసింది నేనే. అదే రంగు. నా ఒంటికి అతికించి ఉన్న ఆ చెయ్యి అచ్చం అలాగే ఉంది. పై ప్రాణాలు పైనే పోయాయి. కలిమా చదువుకోబోతే నాలుక తిరగలేదు.

"మందు ఎక్కిస్తున్నాను," అంది డాక్టరమ్మ. చేతిలో ఏదో వెచ్చగా పాకింది. కాసేపటికి ఆ వెచ్చదనమూ తెలియలేదు. వేళ్ళు కదపమంటే నేను కదిపాననే అనుకున్నాను, అవి కదల్లేదు. నా మాట నా వేళ్ళే వినలేదు. మధ్యలో పచ్చగుడ్డ అడ్డం కట్టేశారు. ఇంక ఆ చెయ్యి నాకు కనిపించలేదు. కోస్తున్నారా అంటే, ఎప్పుడో మొదలుపెట్టారమ్మా అన్నారు.

బెల్టు మరీ నరకమేమీ కాలేదు. బరువుగా, ఎవరో దండ మీద కూర్చున్నట్టు ఉంది, అంతే. కలిపిన మందు పని చేస్తోందన్నమాట. కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్రపోతే నా చెయ్యిని ఎవరు కాపలా కాస్తారు అన్నట్టు బలవంతంగా తెరుస్తున్నాను, మళ్ళీ పడిపోతున్నాయి. కోత త్వరగానే అయిపోయింది. కుట్లు వేసి, కట్టు కట్టి, డాక్టరు "బాగా వచ్చింది" అని చెప్పి వెళ్ళిపోయాడు. బెల్టు మాత్రం తీయలేదు. పని అయిపోయాక కూడా ఎందుకు ఉంచారని అడిగితే, మందంతా ఒక్కసారి ఒంట్లోకి పోకూడదు, ఇంకాసేపు ఆగాలి అంది డాక్టరమ్మ. అంటే ఇంతసేపూ ఆ బెల్టు వెనక నన్ను చంపగలిగిందేదో ఆగి ఉందన్నమాట.

బెల్టు కొంచెం వదిలారు, మళ్ళీ బిగించారు. ఇంకోసారి వదిలారు.

ఆ తర్వాత జరిగింది నేను సగం తెలిసీ సగం తెలియకా చేసిన పని. దర్జీ పనిలో ఒక అలవాటు ఉంది. గుడ్డ మడతలకు గుచ్చే గుండుసూదులు మాటిమాటికీ డబ్బాలోంచి తీయలేక, నాలుగైదు పెదాల మధ్య పెట్టుకుని పని చేస్తాం. నాకు పని నేర్పడం మొదలుపెట్టిన రోజునే మా నాయన చెప్పాడు, నోట్లో సూదులుంటే నవ్వకూడదు, దగ్గకూడదు, ఎవరు పలకరించినా నోరు తెరవకూడదు, తెరిస్తే గొంతులోకి పోతాయి అని. చిన్నప్పుడు ఒకసారి మరిచిపోయి జవాబు చెబితే వీపు మీద ఒక్కటిచ్చాడు కూడా. అది ఒంట్లో ఇంకిపోయింది.

బెల్టు వదలగానే నా పెదాలు మొద్దుబారాయి. నోట్లో ఇనుము రుచి నిండింది. చెవుల్లో గుయ్యిమని మోత మొదలైంది. మగతలో ఉన్న నాకు అది మా ముందుగదిలో తిరిగే మిషను మోతే అనిపించింది. నేను పనిలో ఉన్నాను, నోట్లో సూదులు ఉన్నాయి. అంతే, పెదాలు గట్టిగా బిగించేశాను.

"అమ్మా, ఎలా ఉంది? మాట్లాడండి," అంది డాక్టరమ్మ.

తల ఊపాను.

"తల ఊపొద్దు, మాట్లాడండి. మీ పేరు చెప్పండి."

ఈమెకేమైంది, నోట్లో సూదులుంటే పేరు చెప్పమంటుందేంటి అని ఒళ్ళు మండింది. మళ్ళీ తల ఊపాను.

"మేడమ్, పళ్ళు గిట్టకరిచేసింది!" అని ఒక నర్సమ్మ గొంతు. ఒక్కసారిగా చుట్టూ అడుగుల చప్పుడు. బెల్టు మళ్ళీ బుస్సుమని బిగిసింది. ముక్కు మీద మాస్కు పెట్టారు. డాక్టరమ్మ నా దవడ పట్టుకుని నోరు తెరవబోయింది. తెరిస్తే చస్తాను కదా! ఎడమ చేత్తో ఆమెను తోసేశాను. ఆమె ముఖం నా ముఖం మీదకు వంగి ఉంది. ఆ ముఖంలో నవ్వు లేదు, నెమ్మది లేదు. ఆ ముఖాన్ని చూశాక నాకు ఇంకా భయమేసింది. ఇంత మంది హడావిడి పడుతున్నారంటే సూదులు జారిపోతున్నాయేమో అనుకుని, ఎడమ అరచేతిని నోటి కింద పట్టి, మాస్కు పక్కకు తోసి, సూదులు ఉమ్మబోయాను.

చేతిలో ఏమీ పడలేదు. కాస్త ఉమ్మి పడింది.

"మింగేసినా!" అని కేక పెట్టాను. "మేడమ్, సూదులు మింగేసినా! ఉమ్మబోతే లేవు, లోపలికి పోయినాయి, నన్ను కాపాడండి మేడమ్!"

అప్పుడు డాక్టరమ్మ చేసిన పని నేను ఎప్పటికీ మర్చిపోను. ఆమె కళ్ళు మూసుకుని, "మాట్లాడింది," అంది. నాతో కాదు, తనలో తనే అనుకున్నట్టు. తర్వాత నా నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఏం సూదులమ్మా?"

చెప్పాను. జాకెట్లు, గుండుసూదులు, మా నాయన, వీపు మీద దెబ్బ, అన్నీ కలగాపులగంగా చెప్పాను. నోట్లో ఏ సూదీ లేదనీ, అది మందు రుచేననీ, పొద్దున్న నాకు చెప్పింది దాని గురించేననీ ఆమె ఓపిగ్గా చెప్పింది. "ఎంత పని చేశారమ్మా, మీకు ఫిట్సు వచ్చాయనుకున్నాను," అంటూ స్టూలు లాక్కుని కూర్చుంది. నర్సమ్మలు అటు తిరిగి నవ్వుకుంటున్నారు. నాకు నవ్వు రాలేదు. చాలాసేపు ఆగి, కొంచెం కొంచెంగా వదులుతూ, నా చేత మాట్లాడిస్తూ బెల్టు తీసేశారు. ఆ మోత తగ్గింది, రుచి పోయింది.

వార్డులోకి వచ్చాక కొత్త భయం పట్టుకుంది. నొప్పి రాలేదు.

వేళ్ళు కదులుతున్నాయి, కాని కదుపుతున్నది నేనో కాదో అన్నట్టు ఉంది. బొటనవేలు ముట్టుకుంటే గుడ్డ కప్పి ముట్టుకున్నట్టు ఉంది. అది పాత తిమ్మిరా, మందు తిమ్మిరా, నరం తెగిన తిమ్మిరా? నాకేం తెలుసు! చెయ్యి కోయించుకున్న మనిషి అరవాలి. నేను ఇడ్లీలు తింటున్నాను. థియేటరులో అంత గొడవ జరిగింది, నా వల్లే జరిగిందని వాళ్ళు అంటున్నారు, మరి చేతికి ఏమైనా అయి నాతో చెప్పడం లేదేమో? డాక్టరమ్మ వచ్చి చూసి, అంతా బాగుంది, సాయంత్రం బండికి వెళ్ళొచ్చని చెప్పి, నొప్పి మొదలవగానే వేసుకోమని మాత్రలు ఇచ్చి, ఏదైనా ఉంటే ఫోను చేయమని నంబరు చెప్పి వెళ్ళింది. కలిపిన మందు గంటల తరబడి ఉంటుందని ఆమె మళ్ళీ చెప్పింది కూడా. చెవులు విన్నాయి. భయానికి చెవులు లేవు.

మెమూ రైలుబండిలో కిటికీ పక్కన కూర్చున్నాం. చెయ్యి కిందికి వేలాడకూడదన్నారని మా ఆయన నా మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టి పైకెత్తి పట్టుకున్నాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. వెంకటాచలం దాటుతుంటే కసుమూరు దర్గా వైపు తిరిగి మొక్కుకున్నాను. నొప్పి రావాలని మొక్కుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

"గిల్లు," అన్నాను.

"ఏందీ?"

"బొటనేలు గిల్లి చూడయ్యా. తెలుస్తాదో లేదో చూస్తా."

"కోసిన చేతిని గిల్లమంటావా? నేను గిల్లను."

"గిల్లకపోతే నేనే కిటికీకేసి కొట్టుకుంటా." అంటే భయపడి, కట్టుకు బయట ఉన్న వేలి కొసను గిల్లాడు. తెలిసింది. పాతలాగే, ఎక్కడో దూరంగా తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు. "పోయిందయ్యా, నా చెయ్యి పోయింది. మా నాయన చెయ్యే నాకొచ్చింది. రేపు నాక్కూడా ఎవరో అన్నం పెట్టాలి," అన్నాను. బండి గూడూరులో ఆగి ఉంది. ఆయన ఫోను తీసి డాక్టరమ్మకు చేశాడు.

"మేడమ్, ఈమెకి నొప్పి రాలేదంట. ఏడస్తా ఉంది."

అటువైపు నవ్వు నాకూ వినబడింది. "రాకూడదనే కదా కలిపాం. వస్తుంది, తొందరపడొద్దని చెప్పండి."

ఆమె నవ్వింది గనుక ఏదో దాస్తోందని ఖాయం చేసుకున్నాను. మా ఆయన నన్ను ఊరడించలేక, తిట్టలేక, నా చెయ్యి మాత్రం వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన దండ నొప్పి పుట్టి ఉంటుంది. నాయుడుపేటలో దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. పొలాల మీద ఎండ పల్చబడింది. నేను కళ్ళు మూసుకుని ఆ చేతినే చూస్తున్నాను, లోపల ఎక్కడైనా ఏదైనా కదులుతుందేమోనని.

దొరవారిసత్రం దాటాక కట్టు లోపల వెచ్చగా అనిపించింది. ఆ వెచ్చదనం మెల్లగా సన్నబడి, అరచేయి మొదట్లో ఒకచోట నిలిచింది. కుట్టు విప్పడానికి బ్లేడు పెట్టి లాగినట్టు, సరిగ్గా ఒక గీత మీద, సలుపు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక్కో పోటు. ఎన్నాళ్ళుగానో నా చేతిలో ఎక్కడ ఏమవుతోందో తెలియని మొద్దుతనమే తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు ఇక్కడ, ఈ గీత మీద, అని వేలు పెట్టి చూపించగలను.

"వచ్చిందయ్యా!" అన్నాను.

"ఏం స్టేషను?"

"స్టేషను కాదు, నొప్పి! నొప్పొచ్చింది!"

ఎదుటి సీటులో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. మా ఆయన గబగబా మాత్ర అట్ట చింపి, సీసా మూత పళ్ళతో తీసి, నా నోటి దగ్గర పెట్టాడు. "వేసుకో, వేసుకో. మొదలవంగానే వేసుకోమన్నారు."

పోటు ఇంకొకటి వచ్చింది. కళ్ళ వెంబడి నీళ్ళు కారాయి. బాగానే నొప్పెడుతోంది, అబద్ధమెందుకు. పళ్ళు బిగించి ఆ చెయ్యిని ఒళ్ళోకి తీసుకున్నాను.

"కాసేపు ఉండనీయయ్యా," అన్నాను.

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. అని నా ముఖం చూశాడు. మాత్రను అరచేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు. తడ వచ్చేదాకా నేను వేసుకోలేదు.